జోజప్ప రాయని మాట

"రాయను. నువ్వు నూరుసార్లు చెప్పినా ఆ మాట రాయను."

"నీకెందుకప్పా? నేను చెప్పేది, నువ్వు రాసేది. అంతే గదా నీ పని?"

"నా పని అంత సులువైతే నువ్వే రాసుకోకూడదా? పెనుకొండ దాకా ఎందుకొచ్చినట్లు?"

కారు బానెట్‌కు ఆనుకొని ఫోన్ చూసుకుంటున్న నరేష్ తలెత్తినాడు. మామ గొంతు అంత లేచిందంటే ఎదుటి మనిషి జవాబు చెప్తున్నాడని అర్థం. ధర్మవరంలో వేణుగోపాల్‌కు ఎదురు జవాబు చెప్పే మనిషిని నరేష్ ఇంతవరకు చూడలేదు. చూడాలని మాత్రం శానా దినాలుగా ఉంది. ఫోన్ జేబులో పెట్టుకొని రోడ్డు దాటినాడు.

కోర్టు గోడకు ఎదురుగా రేకుల షెడ్డు. దాని కింద వరసగా నాలుగు టేబుళ్ళు, ఒక జిరాక్స్ మిషను. అర్జీలు రాసేవాళ్ళ చోటు అది. చివరి టేబుల్ వెనక ఒక ముసలాయన. ఇస్త్రీ మడతలు నలగని తెల్లచొక్కా, కాలరు చిరిగిన చోట సన్నగా కుట్టు. కళ్ళద్దాలకు ఒకపక్క కొమ్మ విరిగితే పురికొస చుట్టి ఉంది. పేరు జోజప్ప. ఆయన ఎదురుగా మామ నిలబడి ఉన్నాడు. మామ పక్కన, కొంగు తల మీదికి లాక్కొని, గుడ్డసంచి ఒకటి పొట్టకు ఆనించి పట్టుకొని షంషాద్‌బీ.

షంషాద్‌బీ మామ మగ్గం మీద పద్దెనిమిదేండ్లుగా పట్టుచీరలు నేస్తోంది. మగ్గం ఆమె ఇంట్లోనే ఉంటుంది. కానీ మగ్గం మామది, పట్టు మామది, డిజైన్ మామది. ధర్మవరంలో అట్లాంటి మనిషిని సావుకారి అంటారు. నరేష్ ఆ సావుకారి అక్క కొడుకు. అనంతపురంలో ఇంజనీరింగ్ మూడో ఏడు నడుస్తుండగా కాలేజీకి పోవడం మానేసినాడు. ఇప్పుడు మామకు కారు తోలుతున్నాడు. "వీనికి వచ్చిందల్లా తోలడమే, తనను తాను తోలుకోవడం మాత్రం రాదు" అని మామ వచ్చినోళ్ళందరికీ చెప్తాడు.

గొడవ అట్టల దగ్గర మొదలైంది. మగ్గం పైన జకార్డ్ అని ఒక చెక్కపెట్టె ఉంటుంది. బెజ్జాలు కొట్టిన అట్టలను దండ మాదిరి కుట్టి దానికి వేలాడదీస్తారు. ఏ అట్టలో బెజ్జం ఎక్కడుంటే అక్కడి పోగు లేస్తుంది. అట్లా లేచిలేచి అంచులో చిలకో హంసో పుడుతుంది. అంటే అట్టలే డిజైన్. ఈ ఏడు మామ ఖర్చుకు వెనకాడకుండా పెనుకొండ కోట బురుజు, బురుజు మీద చిలక వచ్చేటట్లు ఒక కొత్త అంచు గీయించి అట్టలు కొట్టించినాడు. వాటిని షంషాద్‌బీ ఇంట్లో దించేటప్పుడు, "ఇవి గడప దాటకూడదు" అన్నాడు. "దాటవు సావుకారీ" అన్నదామె.

దాటినాయి. పక్కింటి మునియమ్మ అట్టలను ఎలుకలు కొరికి పెట్టినాయి. మునియమ్మ వేరే సావుకారికి నేస్తుంది. హిందూపురం షాపుకు పోవాల్సిన పెండ్లిచీర, ఎనిమిది దినాల్లో దిగాల. ఆ వీధిలో అట్టలు అడిగితే ఇవ్వడమంటే పాలు తోడుపెట్టుకోవడానికి రవ్వంత మజ్జిగ ఇవ్వడం లాంటిది. ఇచ్చినోళ్ళ చట్టి ఖాళీ కాదు, తీసుకున్నోళ్ళ చట్టి నిండుతుంది. తిరిగి ఇచ్చేటప్పుడు తీసుకున్నోళ్ళు తాము నేసిన చీర పోగు ఒకటి చివరి అట్ట బెజ్జంలో ముడేసి ఇస్తారు. నీ అట్టల మీద నేను గట్టెక్కినాను అని దాని అర్థం. నోటితో థాంక్స్ చెప్పుకునే అలవాటు ఆ వీధికి లేదు.

పోయిన వారం మామ ముడిపట్టు కోసం హిందూపురం పోయినప్పుడు ఒక బట్టల షాపు అద్దం ముందర ఆగిపోయినాడు. బొమ్మకు కట్టిన చీర అంచులో తన బురుజు, తన చిలక. తన చీర ఒక్కటి కూడా ఇంకా మగ్గం దిగలేదు. పక్కనే ఉన్న నరేష్ ఆ మొహం చూసినాడు. కోపం కన్నా ముందు ఆ మొహంలో వచ్చింది ఏడుపు. ఆ మాట నరేష్ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు మామకు ఒక కాగితం కావాల. "నేను దొంగతనం చేసినాను" అని అందులో ఉండాల, కింద షంషాద్‌బీ సంతకం ఉండాల. పెడితే మగ్గం ఉంటుంది. పెట్టకపోతే రేపు పొద్దున మనుషులొచ్చి మగ్గం విప్పుకుపోతారు. పెట్టినా, ఆ కాగితం ఫోటో సావుకార్ల వాట్సాప్ గ్రూపుకు పోతుంది. ఆ తర్వాత ధర్మవరంలో ఏ సావుకారీ ఆమెకు గుప్పెడు పట్టు ఇవ్వడు. మామ ఇచ్చిన కూలికి, మామ పొమ్మనేదాకా, మామ దగ్గరే పడుండాల. జోజప్ప రాసిన కాగితాన్ని ఏ వకీలూ తిప్పికొట్టలేడని మూడు ఊర్లల్లో పేరు కాబట్టి, హిందూపురం పోతాపోతా పెనుకొండలో ఆగినారు.

ఆగితే, ఈయప్ప రాయనంటాడు.

"కూర్చో వేణుగోపాలప్పా" అన్నాడు జోజప్ప. "నిలబడి అరిస్తే గొంతు నొప్పి. నీ అంగట్లో చీర కొనేదానికి వస్తే ఒక్క అంచే చూపిస్తావా? చిన్నంచు, పెద్దంచు, గుత్తంచు అని పరుస్తావు గదా. నేనూ పరుస్తా. నీ కోపానికి ఏది సరిపోతే అది తీసుకో."

టేబుల్ సొరుగులోంచి ఒక డైరీ తీసినాడు. అట్ట ఊడిపోయి, గుడ్డతో బైండింగు చేసింది. లోపల ఇంగ్లీషు అక్షరాలు, కానీ ఇంగ్లీషు కాదు. పక్కన తెలుగులో, అక్కడక్కడా కన్నడంలో అర్థాలు.

"ఏం భాష ఇది?" అన్నాడు మామ.

"లాటిను."

"మంత్రాలా?"

"ఒకప్పుడు మంత్రాలే. ఇప్పుడు నాకి తూకం రాళ్ళు." జోజప్ప వేలు పెట్టి మొదటి వరస చూపించినాడు. "ఎర్రోర్. దారి తప్పడం. లేపాక్షి కాడ ఒకాయన మేక పక్కోని చేన్లో పడింది. చేనాయప్ప వచ్చి 'దాడి చేసినారు అని రాయి' అన్నాడు. ఏమప్పా, మేక దాడి చేస్తాదా? దారి తప్పింది అని రాసినా. ఎర్రోర్ అంటే అంతే. ఏమ్మా, నువ్వు ఎవరి అట్టలో తెలీక ఇచ్చినావా?"

"తెలిసే ఇచ్చినా" అన్నది షంషాద్‌బీ.

"అయితే ఎర్రోర్ కాదు. కొట్టేద్దాం." నిజంగానే ఒక తెల్లకాగితం మీద ఆ మాట రాసి, అడ్డంగా గీత కొట్టినాడు. షంషాద్‌బీ మొహం చిన్నబోయింది. తన పక్షాన మాట్లాడుతున్నాడు అనుకున్న మనిషి ఇట్లా తెగ్గొడతాడని ఆమె అనుకోలేదు.

"రెండోది కుల్పా. కనిపెట్టుకోవాల్సింది కనిపెట్టుకోకపోవడం. పొయ్యి ఆర్పకుండా పండుకుంటే గుడిసె కాలిపోయినట్లు. అదీ కాదు, ఆయమ్మ పొయ్యి చూస్తానే ఉండాది. కొట్టేద్దాం. మూడోది దెలిక్తుం. నిలబడాల్సిన కాడ నిలబడకపోవడం, ఇచ్చిన మాటకు అడుగు తక్కువ పడడం. దీన్ని పక్కన పెడదాం, మళ్ళీ వస్తా. నాలుగోది ఫూర్తుం."

"అదేంది?"

"అదే నీ మాట. దొంగతనం. దానికి చాటు కావాల. నీ వస్తువు నీకు లేకుండా పోవాల. అట్టలు ఇప్పుడు యాడుండాయి?"

"ఆమె మగ్గం మీదనే ఉండాయి."

"చాటుగా ఇచ్చినావామ్మా?"

"పట్టపగలు నెత్తిన పెట్టుకొని పోయినా" అన్నది షంషాద్‌బీ. "వీధంతా చూసింది. దండ బరువుకు మెడ నొప్పి పుడితే టీ అంగడి కాడ దించి, నీళ్ళు తాగి, మళ్ళీ ఎత్తుకున్నా. టీ అంగడి లక్ష్మన్నే చెయ్యి పట్టినాడు."

"దొంగ టీ అంగడి కాడ దించి చెయ్యి పట్టమని అడగడు" అన్నాడు జోజప్ప. పక్క టేబులాయన కిసుక్కున నవ్వినాడు.

మామకు నవ్వు నచ్చలేదు. "అట్టలు ఉండాయప్పా, ఉండాయి! డిజైన్ పోలేదా? ఇంగ నేను బురుజంచు తీసుకుపోతే హిందూపురంలో ఏమంటారు? ఇది పాతది, ఆ షాపులో చూసినాం అంటారు. నా ఏడాది పోలేదా?"

"పోయింది" అన్నాడు జోజప్ప. ఈసారి గొంతులో ఎకసెక్కం లేదు. "నీ నష్టం నష్టమే. నేను కాదంటానా? కానీ నష్టం పెద్దదైతే మాట పెద్దది కాదు. ఇంగొకటి చూడు. క్రీమెన్. నేరం చేసినా అదే మాట, నేరం చేసినావని ఒకడు వేలు చూపించినా అదే మాట. రోమాలోళ్ళూ మన మాదిరే. వేలు చూపిస్తే సగం శిక్ష పడిపోయినట్లే. ఇంగొకటి ఫ్లాజిత్సియుం. ఒకరి వాకిట్లో నిలబడి, వీధంతా వినేటట్లు అరిచి పరువు తీసేది. మొదట ఆ అరుపుకే ఆ పేరు. పోనుపోను, అరుపు తెచ్చుకున్న పనికి ఆ పేరు అంటుకుంది."

"వాట్సాప్ గ్రూపు" అన్నాడు నరేష్.

మామ వెనక్కి తిరిగి చూసినాడు. నరేష్ రేకుల వైపు చూసినాడు.

"నాకి రోమాలోళ్ళతో పని ల్యా" అన్నాడు మామ, కుర్చీ తోసేస్తూ. "ధర్మవరంతో పని. నువ్వొక్కడివే రాసేవాడివా ఈ ఊర్లో? ఆ సందులో డీటీపీ ఉండాది. వాడు నన్ను లాటిను అడగడు."

"అడగడు" అన్నాడు జోజప్ప. "కరెంటు మాత్రం అడుగుతాడు. పదకొండింటికి పోయింది. ఎప్పుడొస్తాదో."

మామ పోయినాడు. పోతాపోతా, "ఈమెను ఈడనే చూసుకుంటాండు" అని నరేష్‌కు చెప్పినాడు, ఆమె పారిపోతుందన్నట్లు. షంషాద్‌బీ మామ లేచిన కుర్చీలో కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది. నరేష్ బల్ల చివర కూలబడినాడు.

"లాటిను ఎట్లొచ్చింది సార్?" అని అడిగినాడు.

"ఆకలికి వచ్చింది" అన్నాడు జోజప్ప.

అమరాపురం అవతల, కర్ణాటకకు ఒక కాలు, ఆంధ్రకు ఒక కాలు వేసిన ఊరు ఆయనది. ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు. నాయన చర్చిలో గంట కొట్టేవాడు, మిగతా దినాల్లో రాళ్ళు కొట్టేవాడు. పన్నెండేండ్లకు కొడుకును పాదిరి చదువుకు పంపించినారు. బెంగళూరు అవతల ఎక్కడో ఒక పెద్ద రాతి కట్టడం. అక్కడ మూడు పూటలా అన్నం పెడతారని నాయన చెప్తే, దేవుడి సంగతి తర్వాత చూసుకుందాంలే అని జోజప్ప రైలెక్కినాడు. అప్పటికే చర్చి పూజలు ఊరి భాషల్లోకి మారి లాటిను పోయింది. కానీ ఒక ముసలి పాదిరి మాత్రం దాన్ని వదల్లేదు. వినేవాళ్ళు లేక, దొరికిన పిల్లవాడికల్లా నేర్పించేవాడు. జోజప్పకు మాటల పిచ్చి అక్కడే పట్టుకుంది. ముఖ్యంగా తప్పుల మాటలు. "పుణ్యానికి నాలుగు మాటలుంటే తప్పుకు నలభై ఉండాయి అబ్బా. దేనికి ఎక్కువ మాటలుంటే మనుషులు దాన్ని ఎక్కువ చూసినారని అర్థం."

పంతొమ్మిదో ఏట, చలికాలంలో, వంటమనిషి నల్లప్పకు జ్వరం పట్టుకుంది. రాతినేల మీద గోనెపట్టా కప్పుకొని వణుకుతున్నాడు. స్టోర్‌రూమ్ తాళాలు జోజప్ప దగ్గరుండేవి. లోపల పెద్దవాళ్ళు వస్తే కప్పడానికి ఉంచిన కంబళ్ళు. ఒకటి తీసి నల్లప్పకు కప్పినాడు. అందరూ చూస్తుండగానే. మూడో దినం లెక్క చూసి పిలిపించినారు. ఒక కాగితం ముందర పెట్టినారు.

"ఏముండాది దాంట్లో?" అన్నది షంషాద్‌బీ.

"దొంగతనం చేసినాను అని ఉండాది. సంతకం పెడితే ఉండొచ్చు అన్నారు. పెట్టకపోతే ఇంటికి పో అన్నారు. ఇంటి కాడ మూడు పూటల అన్నం లేదు గదమ్మా."

"పెట్టినావా?"

"పెట్టినా. ఎర్రోర్ అనో, కుల్పా అనో వాదం చేయొచ్చు. నాకి వచ్చిన మాటలు ఆ గదిలో ఎవరికీ రావు. నోరెత్తలే. పెట్టినా."

ఒక నెల ఉంచుకున్నారు. తర్వాత, దొంగతనం ఒప్పుకున్నవాడు పాదిరి ఎట్లవుతాడు అని పంపించేసినారు. టీచరు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టుకుంటే, నడత ఎట్లాంటిదని ఆ రాతి కట్టడానికి ఉత్తరం పోయింది. జవాబు వచ్చింది. ఆ జవాబులోనూ అదే మాట. ఇంకో రెండు చోట్లా అట్లే. చివరికి, సర్టిఫికెట్లు అడగని పని యాడుంది అని వెతుక్కుంటే పెనుకొండ కోర్టు ముందర ఈ టేబుల్ దొరికింది. నలభై నాలుగేండ్లు. టేబుల్ మారింది, రేకులు మారినాయి, మనిషి మారలేదు. పెండ్లాం నడత చెడ్డదని రాయమన్న మొగుళ్ళను లేపి పంపించినాడు. తోపులాటను హత్యాయత్నం అని రాయమన్న పెద్దమనుషులనూ పంపించినాడు. వాళ్ళంతా పక్క టేబుళ్ళకు పోయినారు. అందుకే పక్క టేబులాయనకు మేడ ఉంది, జోజప్పకు ఇంకా బాడుగిల్లే. ఆయన భార్య ఆరోగ్యమ్మ వీధిలో అందరితో ఒకటే మాట చెప్తుందట. "మా ఆయప్ప నాతో కొట్లాడేటప్పుడు కూడా సరైన తిట్టు కోసం వెతుక్కుంటాడు. ఆయప్పకు అది దొరికేలోపల నేను గెలిచేసుంటా."

షంషాద్‌బీ నవ్వింది. ఆ పొద్దు ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వు ఆగినాక, "నువ్వు సంతకం పెట్టిన దానికి ఇంతమందికి రాయకుండా పోయినావా అన్నా?" అని అడిగింది.

"రాయకుండా పోలేదు. సరిగ్గా రాసినా. ఆ ఒక్కటే నేను సరిగ్గా రాయంది."

అప్పుడే కరెంటు వచ్చింది. జిరాక్స్ మిషను గుర్రుమంది. కాసేపటికి సందులోంచి మామ వచ్చినాడు, చేతిలో వేడి ఆరని ప్రింటుతో. పెద్ద అక్షరాలు, కింద గీతలు. "దొంగతనము", "నమ్మకద్రోహము", "క్షమించరాని నేరము", మూడూ ఒకే వాక్యంలో.

"సంతకం పెట్టు" అన్నాడు.

షంషాద్‌బీ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకోలేదు. ఒళ్ళోని సంచి విప్పింది. లోపల్నించి ఒక అట్ట తీసింది. జకార్డ్ అట్ట, పాతబడి బెల్లం రంగుకు తిరిగింది. దాని చివరి బెజ్జానికి రంగురంగుల పోగులు ముళ్ళుముళ్ళుగా వేలాడుతున్నాయి.

"నేను తప్పు చేయలేదని యాడా చెప్పలే సావుకారీ" అన్నది. "మాట ఇచ్చినా. మాట తప్పినా. దానికి ఏ కాగితం మీదైనా సంతకం పెడతా. దొంగ అని ఉండే కాగితం మీద నా చెయ్యి పడదు. మగ్గం విప్పుకో. జకార్డ్ దించుకో. మునియమ్మ ఇంట్లో కూర్చొని కండెలు చుట్టుకుంటా. కానీ విప్పే ముందు ఇది చూడు. మా ఆయన గఫార్ నేసిన హంసల అంచు అట్టలు. ఆయన పోయినాక నేను పారేయలే. ఇది ఆ దండలో చివరి అట్ట."

అట్టను టేబుల్ మీద పెట్టింది. పోగుల్లో ఒకదాన్ని వేలితో వేరు చేసింది. వంకాయరంగుది.

"ఇది ఎవరి ముడి?"

మామ కళ్ళు ఆ పోగు మీద నుంచి కారు వైపు పోయినాయి.

"సెప్పల్లనా నేను? నువ్వు సావుకారివి కాని దినాలు. ఒకే మగ్గం, దానికి అట్టలు కొట్టించుకునే శక్తి లేదు. మా వాకిట్లో నిలబడి, 'గఫారన్నా, ఒక చీరకు ఇయ్యన్నా' అంటివి. ఆ హంసలు మా ఆయనవి కావు, ఆయన సావుకారివి, పాతబడినాక మాకే వదిలేసినాడు. ఆయప్ప కూడా 'గడప దాటకూడదు' అనే చెప్పింటాడు. మా ఆయన దాటించినాడు. నువ్వు వంకాయరంగు చీర నేసి అమ్ముకుంటివి. దాంతోనే గదా రెండో మగ్గం పెట్టింది? ఆ పొద్దు దాన్ని ఏమంటివి? దొంగతనం అంటివా?"

"అది వేరే వదినా..." అన్నాడు మామ.

వదినా అన్నాడు. పద్దెనిమిదేండ్లుగా "ఏమ్మా" అని పిలిచిన నోటితో. అన్న సంగతి ఆయనకే తెలిసినట్లు లేదు. బొటనవేలు మాత్రం పోయి ఆ ముడి మీద పడింది. మామ కట్టే ముడి నరేష్‌కు తెలుసు. రెండు చుట్లు, ఒక మెలిక. ఇప్పటికీ పార్సిళ్ళకు అదే కడతాడు.

"ఏం వేరే? చెప్పు."

జోజప్ప డైరీలో ఒక పేజీ తిప్పినాడు.

"ఫాచినుస్ అని ఒక మాట ఉండాది వేణుగోపాలప్పా. చేసిన పని, తెగించి చేసిన పని. మంచికైనా అదే, చెడ్డకైనా అదే. పక్కన ఇంకో మాట పెట్టేదాకా అది ఏదో తెలీదు. గఫార్ చేసినదాని పక్కన నువ్వు ఒక మాట పెట్టుకున్నావు. ఈయమ్మ చేసినదాని పక్కన ఇంకొకటి పెడతాండావు. రెండు తూకం రాళ్ళతో తూస్తే ఆ కాగితం కోర్టులోనే కాదు, నీ అంగట్లో కూడా నిలబడదు."

"అన్నా, ఆ సంగతి కూడా రాయి" అన్నది షంషాద్‌బీ. "నా కాగితంలో రాయి."

"పక్కన పెట్టిన దెలిక్తుం ఇదే" అంటూ జోజప్ప తెల్లకాగితం తీసుకొని రాసినాడు. గుండ్రని చేతిరాత, ఆగని పెన్ను. రాసి, పైకి చదివినాడు. "బురుజు అంచు అట్టలు గడప దాటించనని మాట ఇచ్చినాను. మునియమ్మ అడిగితే దాటించినాను. ఇచ్చిన మాట తప్పినాను, ఆ తప్పు నాది. దొంగతనం చేయలేదు. పూర్వం నా భర్త గఫార్ తన సావుకారి హంసల అట్టలను ఇదే రకంగా వేణుగోపాల్ గారికి ఇచ్చినాడు."

పక్క టేబులాయన వినేదానికి కుర్చీ ఇటు జరుపుకున్నాడు.

"ఆ చివరి లైను తీసేయ్" అన్నాడు మామ.

"ఎందుకు? అబద్ధమా?" అన్నది షంషాద్‌బీ.

"గ్రూపులో ఇది పెడితే నా పరువేం కావల్ల?"

"నా పరువు అడిగితివా?"

మామ డీటీపీ ప్రింటు వైపు చూసినాడు. చేతిరాత కాగితం వైపు చూసినాడు. కోర్టులో ఎవరినో పేరు పెట్టి మూడుసార్లు పిలిచినారు. మూడో పిలుపు అయ్యేటప్పటికి మామ ప్రింటును నాలుగు మడతలు పెట్టి, అడ్డంగా చింపి, జేబులో పెట్టుకున్నాడు. కింద పడేసినా బాగుండేది అనుకున్నాడు నరేష్. కానీ మామ తన చెత్తను కూడా ఎవరికీ ఇవ్వడు.

"నేను ఆ మాట తీసేసినా. నువ్వు ఈ లైను తీసేయ్."

షంషాద్‌బీ జోజప్ప వైపు చూసింది. జోజప్ప, నీ ఇష్టం అన్నట్లు పెన్ను పట్టుకొని ఆగినాడు. ఆమె తల ఊపింది. చివరి లైను పోయింది. "దొంగతనం చేయలేదు" అనేది మాత్రం ఉంది. మామ దాన్ని కూడా చూసి, కాగితం ఆమె వైపు జరిపినాడు. షంషాద్‌బీ తన పేరు ఒక్కొక్క అక్షరం నిలబెట్టి రాసింది.

"మగ్గం ఉంటాది" అన్నాడు మామ. "గ్రూపులో ఏమీ పెట్టను. కానీ బురుజు అట్టలు రేపు వచ్చి తీసుకుపోతా."

"తీసుకుపో. నాకి హంసలుండాయి" అన్నది ఆమె. పాత అట్టను సంచిలో పెట్టుకొని, కారు వైపు చూడకుండా ధర్మవరం బస్సు కోసం బస్టాండ్ దారి పట్టింది. మామ, "వదినా, కారులో..." అని ఒక అడుగు వేసి ఆగిపోయినాడు. అడిగినా ఎక్కదని ఆయనకూ తెలుసు. విసురుగా రోడ్డు దాటి కారులో కూర్చొని తలుపు వేసుకున్నాడు.

నరేష్ లేవలేదు. కాగితానికి జిరాక్స్ తీయించే వంక ఒకటి ఉంది. అది తీయించడం అయిపోయినా నిలబడే ఉన్నాడు.

"కాలేజీ వదిలేసినావంట గదా" అన్నాడు జోజప్ప, డైరీ మూస్తూ. "మీ మామ వచ్చీరాగానే చెప్పినాడు. ఇంట్లో దానికి ఏం పేరు పెట్టినారు?"

"కాలు నిలవనోడు అంటారు."

"నిలవదా?"

"నిలవదు సార్."

"మంచిది. దాన్ని ఏ తప్పు కిందా రాయను. నాకి కాలు నిలవనోడే కావాల." కళ్ళద్దాలు తీసి, పురికొస జారినచోట మళ్ళీ బిగించుకున్నాడు. "బండి ఉండాదా?"

"ఉంది."

"ఆ రాతి కట్టడం ఇంకా ఉండాది. ఫైళ్ళు పారేయరు వాళ్ళు, నాకి తెలుసు. మూడుసార్లు ఉత్తరం రాసినా. జవాబు లేదు. పోయి నిలబడి అడిగే మనిషైతే ఇవ్వక తప్పదు. నాకి మోకాళ్ళు పోయినాయి, నా తరఫున నువ్వు పోతావని చీటీ రాసిస్తా. కంబళి కాగితం. పంతొమ్మిదేండ్లోడు సంతకం పెట్టింది. అది తెచ్చియ్యి."

రోడ్డు అవతల మామ హారన్ కొట్టినాడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి.

"తెచ్చి చింపేస్తారా సార్?"

"చింపేదానికి కాదప్పా" అన్నాడు జోజప్ప. "దాని కింద ఒక్క లైను రాయల్ల. నా చేత్తో."